ప్రసూతి సెలవు, దివ్యాంగులకు వెసులుబాటు: యాజమాన్యం బాధ్యతలేమిటి?

మారిందేమిటి?

సామాజిక భద్రతా స్మృతి-2020 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంతో పాటు మొత్తం 9 చట్టాలు అందులో కలిశాయి. అంతమాత్రాన పోటీ పరీక్షల కోసం రాసుకున్న పాత నోట్స్ పక్కన పడేయక్కర్లేదు. కీలకమైన అంకెలు 2017 సవరణలో ఉన్నవే. రాజ్యాంగపరంగా మూలం 42వ అధికరణ.

26 వారాలు ఎవరికి?

ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసిన మహిళకు జీతంతో కూడిన 26 వారాల సెలవు ఇవ్వాలి. అందులో ప్రసవానికి ముందు వాడుకోగలిగేది 8 వారాలే. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే సెలవు 12 వారాలకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. బిట్ పేపర్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ప్రయోజనం ఆగదని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది.

50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. సెలవు తర్వాత ఇంటి నుంచి పని మాత్రం హక్కు కాదు, ఇరువురి ఒప్పందాన్ని బట్టే.

డబ్బు ఎవరిది?

ఉద్యోగిని ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) పరిధిలో ఉంటే ఈఎస్ఐ సంస్థే చెల్లిస్తుంది, లేకుంటే మొత్తం యజమానే భరించాలి. మెయిన్స్‌లో విమర్శ రాయాల్సింది ఈ అంశం మీదే. కొత్తగా పెళ్లయిన అమ్మాయిని ఇంటర్వ్యూలోనే పక్కనపెట్టే ఆలోచన చిన్న సంస్థలకు పుట్టేది ఈ ఖర్చు లెక్క వల్లే. సెలవు పెంచిన ప్రభుత్వం అందులో తన వాటా పెట్టకపోవడం చట్టంలోని పెద్ద లోపం.

వైకల్యం వస్తే ఉద్యోగం పోతుందా?

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలి. 20 మంది, అంతకుమించి ఉన్న ప్రైవేటు సంస్థ లైజన్ ఆఫీసర్‌ను కూడా నియమించాలి. ర్యాంపు, స్క్రీన్ రీడర్, డ్యూటీ వేళల మార్పు లాంటివి అవసరాన్ని బట్టి సమకూర్చాల్సిన వెసులుబాట్లు. మోయలేని భారమైతే మినహాయింపు ఉంది.

ప్రభుత్వ ఉద్యోగికి సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. అదే వేతన స్కేలుతో వేరే పోస్టు చూపాలి. ఖాళీ లేకపోతే సూపర్‌న్యూమరరీ (అదనపు) పోస్టులో ఉంచాలి.

ఆర్టీసీ డ్రైవర్ కేసు

రంగులు గుర్తించలేడని తేలిన డ్రైవర్‌ను తెలంగాణ ఆర్టీసీ రిటైర్ చేసింది. తనను వేరే పనిలో పెట్టమని అతను అడిగినా ఒప్పుకోలేదు. తగిన పోస్టు ఇవ్వాలని, బకాయి జీతంలో 25 శాతం చెల్లించాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 1న ఆదేశించింది. చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో వర్ణాంధత్వం లేదు. కోర్టు ప్రధానంగా ఆధారపడింది కార్మికులతో సంస్థ 1979లో చేసుకున్న ఒప్పందం మీద. జవాబులో దీన్ని 2016 చట్టం కింద వచ్చిన తీర్పుగా రాయకండి.