అరుదైన వ్యాధి, అందరి నడక

వేలాదిమందిని పీడించే వ్యాధి పేరు ఇంటింటా వినబడుతుంది. దానికి ఆసుపత్రులు వెలుస్తాయి, పరిశోధనకు నిధులు సమకూరుతాయి. కాని ఏ కొద్దిమందికో వచ్చే వ్యాధిని గురించి పట్టించుకొనేవారు తక్కువ. రోగులు అల్పసంఖ్యాకులు కాబట్టి వారి గొంతు బలహీనం. ఆ లోటును పూరించడానికి వ్యాధి లేనివారు పూనుకోవడమే సామూహిక నడకల, సైకిల్ యాత్రల పరమార్థం.

ఏడాదికి లక్ష జనాభాలో ఆరుగురికంటె తక్కువమందిలో కనిపించే కేన్సర్‌ను ఐరోపా పరిశోధకులు అరుదైనదిగా పరిగణిస్తారు. విడివిడిగా చూస్తే ఇవి ఒక్కొక్కటి స్వల్పమే. కాని ఐరోపాలో అన్నింటినీ కలిపి లెక్కించినప్పుడు, కొత్తగా బయటపడే కేన్సర్లలో ఇవి ఐదవ వంతును మించాయి. ఎముకలో పుట్టే ఆస్టియోసార్కోమా ఇట్టి వాటిలో ఒకటి. శరీరం త్వరితంగా ఎదిగే కౌమార దశలో, తరచుగా మోకాలి పరిసరాలలోని ఎముకలలో ఇది తలెత్తుతుంది.

టెరీ ఫాక్స్ సంకల్పం

ఈ వ్యాధి పేరును ప్రపంచానికి పరిచయం చేసినవాడు కెనడా యువకుడు టెరీ ఫాక్స్. 1958లో విన్నిపెగ్ నగరంలో జన్మించి, దేశపు పశ్చిమ తీరాన బ్రిటిష్ కొలంబియాలో పెరిగాడు. కళాశాల విద్యార్థిగా బాస్కెట్‌బాల్ క్రీడలో ఆసక్తి చూపాడు. 1976 చివర కుడి మోకాలిలో నొప్పి మొదలయింది. ఆటల కాలం ముగిసేవరకు అతడు దానిని ఓర్చుకున్నాడు. 1977 మార్చిలో పరీక్షించగా అది ఆస్టియోసార్కోమా అని తేలింది. మోకాలికి పైభాగాన కాలు తొలగించవలసి వచ్చింది. అప్పటికి అతని వయస్సు 18 సంవత్సరాలు.

చికిత్స కాలంలో వైద్యులు చెప్పిన ఒక విషయం అతని మనస్సులో నాటుకుంది. అతడు బ్రతికే అవకాశం నూటికి యాభై పాళ్ళు. రెండేళ్ళ ముందు ఇదే వ్యాధి వచ్చి ఉంటే ఆ అవకాశం నూటికి పదిహేను పాళ్ళే! ఈ వ్యత్యాసం కొత్త మందుల మూలంగా, అనగా పరిశోధన మూలంగా కలిగినది. ఆసుపత్రిలో తనతోపాటు ఉన్న పసివారి బాధను కూడ అతడు కళ్ళారా చూశాడు. పరిశోధనకు ధనం సేకరించడానికి కృత్రిమ పాదంతో దేశమంతా పరుగెత్తాలని నిశ్చయించుకున్నాడు.

1980 ఏప్రిల్ 12న తూర్పున సెయింట్ జాన్స్ రేవులో తన కృత్రిమ పాదాన్ని అట్లాంటిక్ సముద్రజలంలో ముంచి అతడు బయలుదేరాడు. రోజుకు సుమారు 42 కిలోమీటర్ల పరుగు. వెంట ఒక వాహనం, దానిని నడిపే మిత్రుడు. ఆ పరుగుకు 'ఆశా మారథాన్' అని పేరు.

భాష తెలియని చోట

ఈ యాత్రలో విద్యార్థులు గమనింపదగిన ఘట్టం ఒకటి ఉన్నది. ఫ్రెంచి మాట్లాడే క్విబెక్ రాష్ట్రంలో ఆ ఇద్దరు మిత్రులకు తగిన ఆదరణ లభించలేదు. వారికి ఫ్రెంచి రాదు. అతడు ఎవరో, ఎందుకు పరుగెత్తుతున్నాడో దారిలో చాలమందికి తెలియదు. అక్కడివారి హృదయాలు కఠినమైనవని దీని అర్థం కాదు. వారి భాషలో వారికి విషయం చేరలేదు, అంతే. ఆంటారియో రాష్ట్రంలో ముందుగా ప్రచారం జరిగినందువల్ల పరిస్థితి మారిపోయింది. జులైలో టొరంటో నగర కూడలిలో పదివేలమంది అతనికి స్వాగతం పలికారు. ఎంతటి త్యాగమైనా జనుల భాషలో వినిపించినప్పుడే అది వారిని కదిలిస్తుందని ఈ రెండు అనుభవాలు చాటుతున్నాయి.

143 దినాలలో 5,373 కిలోమీటర్లు పూర్తయిన పిదప, 1980 సెప్టెంబరు 1న థండర్ బే పట్టణ సమీపంలో పరుగు ఆగిపోయింది. కేన్సర్ ఊపిరితిత్తులకు వ్యాపించింది. దేశంలోని ప్రతి వ్యక్తి తలకు ఒక డాలరు ఇవ్వాలన్నది అతని కోరిక. 1981 ఫిబ్రవరి నాటికి 2.4 కోట్ల డాలర్లు దాటి ఆ కోరిక నెరవేరింది. ఆ సంవత్సరం జూన్ 28న, 23 ఏళ్ళు నిండడానికి నెల రోజుల ముందే అతడు కన్నుమూశాడు.

పోటీ లేని పరుగు

1981 సెప్టెంబరులో అతని పేరిట తొలి పరుగు జరిగింది. సుమారు మూడు లక్షలమంది పాల్గొన్నారు. ఇందులో గెలుపు ఓటములు లేవు, బహుమతులు లేవు. నడిచేవారు నడుస్తారు, పరుగెత్తేవారు పరుగెత్తుతారు, సైకిలు ఎక్కేవారు ఎక్కుతారు, చక్రాల కుర్చీలో సాగేవారు సాగుతారు. కాలక్రమాన ఇది అనేక దేశాలకు వ్యాపించింది. మన దేశంలో ముంబయి, చెన్నై నగరాలలో కూడ నిర్వహింపబడింది. ఈ ఉద్యమం ద్వారా పరిశోధనకు సమకూడిన ధనం 80 కోట్ల డాలర్లకు మించింది.

ఇదే స్ఫూర్తితో 2007లో న్యూయార్కులో మరొక ప్రయత్నం ఆరంభమయింది. సార్కోమా బాధితురాలు జెన్నిఫర్ గుడ్‌మన్ లిన్, ఆమె భర్త కలిసి, ఒకచోట బిగించిన సైకిళ్ళను బృందాలు వంతులవారీగా త్రొక్కే కార్యక్రమాన్ని నెలకొల్పారు. ఆ నిధులు అరుదైన కేన్సర్ల పరిశోధనకే వినియోగమవుతాయి. ఆమె 2011లో మరణించినా కార్యక్రమం ఆగలేదు.

కలిస్తేనే ఫలితం

అరుదైన వ్యాధిపై పరిశోధన ఏ ఒక్క ఆసుపత్రికీ సాధ్యం కాదు. 2005లో ఆరంభమైన ఒక ఆస్టియోసార్కోమా అధ్యయనంలో 2,260 మంది రోగులను చేర్చుకోవడానికి 17 దేశాలు చేతులు కలపవలసి వచ్చింది. అదనంగా రెండు మందులు ఇచ్చినంత మాత్రాన ప్రయోజనం అధికం కాదని ఆ అధ్యయనం తేల్చింది. అనవసరమైన బాధను తప్పించే ఇట్టి జ్ఞానం కూడ విలువైనదే. భారతదేశంలోనూ ఆసుపత్రుల మధ్య సహకారానికై 2012లో జాతీయ కేన్సర్ గ్రిడ్ ఏర్పడింది.

1970కి పూర్వం కాలు తొలగించినా, ఈ రోగులలో నూటికి ఇరవైమంది కూడ బ్రతికేవారు కారు. నేడు వ్యాధి ఇతర భాగాలకు ప్రాకకముందే గుర్తించి, శస్త్రచికిత్సతోపాటు మందులు ఇస్తే నూటికి అరవై మందికి పైగా బ్రతుకుతున్నారు. పెక్కుమందికి కాలు తొలగించకుండానే చికిత్స జరుగుతున్నది. అయితే ఈ ఫలం సకాలంలో వైద్యుని చేరినవారికే దక్కుతుంది. మన పల్లెలలో మోకాలి వాపును ఆటలో తగిలిన దెబ్బగా భావించి మర్దన చేయించడం, కట్లు కట్టించడం పరిపాటి. అందువల్ల విలువైన నెలలు వ్యర్థమవుతాయి.

మోకాలి నొప్పి ప్రతిదీ కేన్సర్ కాదు. కాని ఎదిగే వయస్సులోని బాలబాలికలకు ఎముకలో నొప్పి వారాల తరబడి తగ్గకపోయినా, రాత్రివేళ నిద్ర చెరిచేటంతగా ఉన్నా, వాపు పెరుగుతూ వచ్చినా వెంటనే ఎక్స్‌రే తీయించాలి. పాఠశాలలు, కళాశాలలు నడకలను, సైకిల్ యాత్రలను తలపెట్టినప్పుడు ఈ రెండు వాక్యాలను ఆయా ప్రాంతాల భాషలో ప్రజలకు చెప్పగలిగితే, ఆ శ్రమ సార్థకమవుతుంది.