పట్టా పుచ్చుకున్న బిడ్డకు ఏమివ్వాలి?

ఆఖరి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన వారంలో మన ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. అబ్బాయికి బండి కొందామా, ఫోను మారుద్దామా? అమ్మాయికి గొలుసు చేయిద్దామా, ఇంకో రెండు కాసులు కలిపి నెక్లెస్సే చేయించేద్దామా? వంటింట్లోనో, రాత్రి టీవీ కట్టేశాకనో భార్యాభర్తలిద్దరే మాట్లాడుకుంటారు. ఎవరి కోసం కొంటున్నారో ఆ మనిషి పక్క గదిలోనే ఉంటారు. వాళ్లకు ఇరవై ఒకటో ఇరవై రెండో నిండాయి. ఓటు వేశారు. హాస్టల్లో జ్వరమొస్తే మందులు తామే తెచ్చుకుని నాలుగేళ్లు నెట్టుకొచ్చారు. అయినా వాళ్లనే అడగాలని మనకు తోచదు. అడిగితే సర్‌ప్రైజ్ పోతుందంటాం.

నేను అడగమనే అంటాను. డిగ్రీ అయినప్పుడు ఇచ్చే కానుక పుట్టినరోజుకు కొనే కొత్త బట్టల లాంటిది కాదు. ఇక నీ నిర్ణయాలు నీవే అని నోటితో చెప్పలేని తల్లిదండ్రులు చేత్తో చెప్పే సందర్భం అది. కాబట్టి ధర ఎంతన్నది రెండో ప్రశ్న. దీన్ని ఇచ్చాక బిడ్డ మీద నా పెత్తనం తగ్గుతుందా, పెరుగుతుందా? ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదీ.

మన పాత ఆచారంలో దీనికి స్పష్టమైన జవాబు ఉంది. గురుకులంలో చదువు ముగిశాక జరిగే సమావర్తనంలో శిష్యుడు స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని, గొడుగు, చెప్పులు, కర్ర తీసుకోవాలని గృహ్యసూత్రాలు చెబుతాయి. తెలుగు పెళ్లిళ్లలో ఆ తంతు స్నాతకం పేరుతో నేటికీ మిగిలింది. పెళ్లికొడుకు గొడుగు పట్టుకుని, పావుకోళ్లు తొడుక్కుని కాశీకి బయలుదేరతాడు. పెళ్లికూతురి అన్నో తమ్ముడో ఎదురొచ్చి, బతిమాలి, బెల్లం ముక్క ఇచ్చి వెనక్కి తీసుకొస్తాడు. ఇప్పుడది బంధువులంతా ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకునే ముచ్చటగా మారింది. కానీ ఆ వస్తువుల్ని ఒకసారి చూడండి. ఎండకూ వానకూ గొడుగు, రాళ్లకూ ముళ్లకూ చెప్పులు, దారిలో పురుగూ పుట్రా ఎదురైతే కర్ర. అన్నీ దారిన పోయే మనిషికి కావలసినవే. ఇంటిపట్టున కూర్చునేవాడికి వాటిలో ఒక్కటీ అక్కర్లేదు.

చదువు ముగించుకుని వెళ్తున్న శిష్యుడికి ఆచార్యుడు చేసే ఉపదేశం తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో ఉంది. స్నాతకోత్సవాల్లో తరచూ వినిపించేది అదే. అందులో నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఒకటుంది. మా నడవడిలో మంచి ఉంటే దాన్నే తీసుకో, తక్కినది వదిలెయ్యి అన్న అర్థంలో గురువే శిష్యుడికి చెబుతాడు. అంత పెద్ద గురువు తన లోపాలను కూడా శిష్యుడు అనుకరిస్తాడేమోనని జాగ్రత్తపడి, తన నుంచి కూడా ఏరుకునే హక్కు అతనికిచ్చి పంపాడు. డిగ్రీ చేతికొచ్చిన బిడ్డకు మనం ఇవ్వగలిగిన కానుకల్లో ఇంతకు మించింది నాకు తోచడం లేదు. దీన్ని వస్తువుగా, కాగితంగా, డబ్బుగా ఎలా మార్చాలన్నదే మన ముందున్న పని.

ఒక తరం కిందట దీన్ని పెద్దలు చేతిగడియారంతో చేశారు. బెంగళూరులో జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో గడియారాల తయారీ మొదలుపెట్టిన హెచ్.ఎం.టి. వారి వాచీ ఎన్నో తెలుగు ఇళ్లలో పరీక్ష పాసైనందుకిచ్చే కానుకగా స్థిరపడిపోయింది. బీఏ ప్యాసైన కుర్రాడు దాన్ని పెట్టుకుని ఇంటర్వ్యూకు బస్సెక్కేవాడు. రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకోవలసిందీ, రైలు వేళకు లేవవలసిందీ అతనే. కొనిచ్చిన తండ్రికి ఆ తర్వాత దాంతో పనిలేదు. అందుకే దాన్ని మంచి కానుక అంటాను.

ఇప్పుడు బండి సంగతి. అబ్బాయి అడిగాడు, తండ్రి కొనిచ్చాడు, నెలనెలా ఈఎంఐ తండ్రి ఖాతాలో పోతోంది. మూడో నెల నుంచి రాత్రి ఆలస్యమైన ప్రతిసారీ "బండి కొనిచ్చింది ఇందుకేనా?" అన్న మాట వస్తుంది. తండ్రి తప్పని నేననను, కడుపుకట్టుకుని కడుతున్నాడు. కానీ ఆ బండి ఇంకా తండ్రిదే, కొడుకు నడుపుతున్నాడు, అంతే. బండే ఇవ్వదలిస్తే ఇవ్వగలిగినంతలో చిన్నది, మొత్తం సొమ్ము కట్టేసి, కొడుకు పేరనే రిజిస్టర్ చేయించి ఇవ్వండి. లేదంటే డౌన్ పేమెంట్ మీరు కట్టి, ఉద్యోగం వచ్చాక వాయిదాలు కట్టుకునే పని అతనికే వదలండి. ఒక్క విషయంలో మాత్రం పెత్తనం చేయండి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. లైసెన్సు, ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్, బీమా లేకుండా తాళాలు చేతికి ఇవ్వకండి. హెల్మెట్ కూడా కానుకలో భాగమే. వెనక కూర్చునేవాళ్లకు రెండోదీ కొనండి.

అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి మన చేయి బంగారం వైపే వెళ్తుంది. బంగారం మీద నాకు కోపం లేదు, కష్టకాలంలో మన ఆడవాళ్లను ఆదుకున్నది అదే. కానీ నిజాయితీగా ఒక సంగతి చూసుకుందాం. ఆ గొలుసు ఎవరి బీరువాలో ఉంటుంది? అమ్మాయి దాన్ని అమ్మి ఢిల్లీలో ఎంఏ చదువుకుంటానంటే ఒప్పుకుంటామా? ఎక్కువ ఇళ్లలో ఆ గొలుసు రేపటి పెళ్లికి చేర్చిన కాసుల లెక్కలోనే పడుతుంది. ఆమె కష్టపడి చదివిన డిగ్రీకి ఇచ్చామని చెబుతూ, ఆమె పెళ్లికి పొదుపు చేస్తున్నాం. బిడ్డకు ఇది తెలియదనుకోకండి. తెలిసినా నవ్వి మెడలో వేసుకుంటుంది.

ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కునిచ్చే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే వచ్చింది. దేశం మొత్తానికి అది రావడానికి 2005 దాకా పట్టింది. హక్కు విషయంలో ఇరవై ఏళ్లు ముందు నడిచిన మనం కానుక విషయంలో ఎందుకు వెనకబడాలి? ఆమె ఒక్కతే డబ్బు తీసి వాడుకోగల బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు, డ్రైవింగ్ నేర్చుకునే ఫీజు, ఉద్యోగం చూసుకోవడానికి వేరే ఊళ్లో ఉండే మూడు నెలల హాస్టల్ ఖర్చు, వీటిలో ఏదైనా బంగారం కన్నా ఆమెకు దగ్గరగా ఉంటుంది. బంగారమే కావాలని ఆమె అంటే హాల్‌మార్కు, ఆరక్షరాల హెచ్‌యూఐడీ చూసి కొని, బిల్లుతో సహా ఆమె చేతికే ఇవ్వండి.

ఇక చాలా ఇళ్లలో కొనకుండానే ఇవ్వగల కానుక ఒకటి బీరువాలో పడి ఉంటుంది. అదే సర్టిఫికెట్ల ఫైలు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, పాన్. వీటన్నిటికీ కాపలాదారు నాన్న. ఏ దరఖాస్తు పెట్టాలన్నా "నాన్నా, ఫైలు" అని అడగాలి. ఒక ఆదివారం పొద్దున్న కూర్చుని అందులో ఏమున్నాయో, ఏవి లేవో బిడ్డతో కలిసి చూడండి. ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో వచ్చాయా, అసలు డిగ్రీ పట్టాకు విశ్వవిద్యాలయంలో విడిగా దరఖాస్తు పెట్టాలా అన్నది బిడ్డే కనుక్కోవాలి. స్కాన్ చేసి డిజిలాకర్‌లో పెట్టుకోవడం కూడా వాళ్ల పనే. ఆ తర్వాత ఫైలు వాళ్ల అలమారలోకి వెళ్లాలి.

అసలు సర్టిఫికెట్లే చేతికి రాని ఇళ్లున్నాయి. 2008 నాటి ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం ఎన్నో పేద కుటుంబాల్లో మొదటి ఇంజినీరును, మొదటి డిగ్రీ పట్టాను చూపించింది. ఆ పథకం బకాయిలు ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే మెమోలు కాలేజీ ఆఫీసులోనే ఆగిపోతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పినా చాలాచోట్ల ఇదే తీరు. అలాంటి ఇంట్లో పొలం కౌలు డబ్బుతోనో, డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పుతోనో బకాయి కట్టి కాగితాలు విడిపించుకొచ్చిన తల్లి ఆ ఏడాది ఇంకేమీ ఇవ్వక్కర్లేదు. ఆ అప్పు సంగతి బిడ్డకు తెలియాలి. నిందగా కాదు, లెక్కగా తెలియాలి.

లెక్క చెప్పడం దగ్గరే మన పెద్దలు తడబడతారు. "నీకెందుకు, నువ్వు చదువుకో" అని పదిహేనేళ్లు దాచిన ఇంటి అప్పులు కొడుకు ఉద్యోగంలో చేరిన నెలలో ఒక్కసారిగా అతని మీద పడతాయి. చదువు రుణాన్నే తీసుకోండి. సాధారణంగా అది బిడ్డ పేరూ, తల్లి లేదా తండ్రి పేరూ కలిపి ఉంటుంది. కోర్సు ముగిశాక చాలా బ్యాంకుల్లో ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు, కానీ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఆలస్యంగా కడితే ఇద్దరి క్రెడిట్ స్కోరూ దెబ్బతింటుంది. ఇది తెలియని పట్టభద్రులు మన చుట్టూ ఎందరో ఉన్నారు. తొలి జీతంలోంచి ఎంత కట్టాలో తెలిసినవాడు ఏ ఊళ్లో ఉద్యోగం చేయాలో, ఎంత అద్దె గదిలో ఉండాలో వేరే రకంగా ఆలోచిస్తాడు. స్థోమత ఉన్న తండ్రి అప్పటిదాకా పెరిగిన వడ్డీ కట్టేసి అసలు మాత్రం బిడ్డకు వదిలితే, అంత పనికొచ్చే కానుక ఏ దుకాణంలోనూ దొరకదు. కట్టిన వడ్డీకి పాత పన్ను విధానంలో ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉందన్న మాట కూడా ఆ రోజే చెప్పండి.

డబ్బు రూపంలో ఇవ్వదలచినవాళ్లకు ఇంకో వివరం. తల్లిదండ్రులు పిల్లలకిచ్చే డబ్బు ఎంతైనా పుచ్చుకున్నవాళ్లకు దాని మీద ఆదాయపు పన్ను లేదు. పద్దెనిమిది నిండని బిడ్డ పేర వేసిన డబ్బుకు వచ్చే వడ్డీ తల్లిదండ్రుల ఆదాయంలో కలుస్తుంది, నిండాక అది బిడ్డ ఆదాయమే. పన్ను చట్టం కూడా పద్దెనిమిది దాటిన బిడ్డను వేరే మనిషిగా చూస్తోంది. పీపీఎఫ్ ఖాతా ఏడాదికి 500 రూపాయలతోనే నడుస్తుంది, తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక పదిహేనేళ్లకు చేతికొస్తుంది. ఇరవై రెండో ఏట తెరిస్తే ముప్పై ఎనిమిదికల్లా ఒక మొత్తం తయారవుతుంది. మొదటి జమ మీరు వేసి, పాస్‌బుక్ వాళ్లకిచ్చి, తర్వాతి జమలు వాళ్లకే వదలండి. ఆరోగ్య బీమా సంగతీ మరవొద్దు. కుటుంబ పాలసీల్లో పిల్లల్ని చాలావరకు 25 ఏళ్ల దాకానే ఉంచుతారు. ఆ వయసు దగ్గరపడుతున్న బిడ్డకు సొంత పాలసీ తీయించి మొదటి ప్రీమియం కట్టడం మంచి కానుక.

అయితే నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది వ్యవధి. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు, అవనిగడ్డలో డీఎస్సీకి చదువుతున్న పిల్లల్ని చూడండి. అమీర్‌పేటలో కోర్సు చేస్తూ ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటున్నవాళ్లను చూడండి. వాళ్లను కుంగదీసేది పుస్తకాల బరువు ఒక్కటే కాదు. రోజూ సాయంత్రం ఇంటి నుంచి వచ్చే ఫోను కూడా. "నోటిఫికేషన్ వచ్చిందా? మీ మామయ్య కొడుక్కి జాయినింగ్ లెటర్ వచ్చిందట." ప్రేమతోనే అడుగుతారు. ఆ ప్రేమే గుండెల మీద కూర్చుంటుంది.

అందుకని వ్యవధిని కొలిచి ఇవ్వండి. ఆరు నెలలనుకోండి. ఫలానా నెల వరకు గది అద్దె, భోజనం మావి, ఈలోగా ఏం చదవాలో, ఏ పరీక్ష రాయాలో నీ ఇష్టం, ఆ నెల వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం, అప్పటిదాకా మేము అడగం. ఈ మాట ఇచ్చి నిలబెట్టుకోవడం బండి కొనడం కన్నా కష్టం. బంధువులు అడుగుతారు, పక్కింటివాళ్లు అడుగుతారు, మనకూ రాత్రి నిద్ర పట్టదు. అయినా నోరు కట్టుకోవాలి. వ్యక్తిత్వ వికాసం గురించి పిల్లలకు ఎన్నో క్లాసులు పెట్టిస్తాం. ఈ ఆరు నెలలూ వికసించవలసింది తల్లిదండ్రుల వ్యక్తిత్వం. స్థోమత లేని ఇంట్లో ఆరు నెలలు ఇవ్వలేకపోతే రెండే ఇవ్వండి, కానీ ఆ రెండూ పూర్తిగా ఇవ్వండి.

ఏది ఇచ్చినా, ఇచ్చాక అది మనది కాదు. ల్యాప్‌టాప్ కోసమిచ్చిన డబ్బుతో కూతురు స్నేహితురాళ్లతో హంపి వెళ్లి రావచ్చు. కొడుకు ఇచ్చిన ఫోను అమ్మేసి కోచింగ్ ఫీజు కట్టవచ్చు. మనసు చివుక్కుమంటుంది. ఆ చివుక్కుమనడం మాటగా మారకుండా చూసుకుంటే చాలు. ఏం చేశావని నిలదీయకుండా ఉన్న ఇంట్లో పిల్లలు ఏదో ఒక రోజు భోజనం దగ్గర తామే చెబుతారు.

రెండు మూడు సబ్జెక్టులు మిగిలిపోయిన బిడ్డ ఉన్న ఇంట్లో ఈ చర్చంతా ఆ బిడ్డ వినకూడదన్నట్టు నడుస్తుంది. పార్టీ లేదు, కానుక లేదు, సప్లిమెంటరీ ఫలితాలు రానీ అంటారు. బండీ గొలుసూ ఆగితే ఆగనీయండి. కానీ ఫైలు, బ్యాంకు ఖాతా, ఇంటి అప్పుల లెక్క, అడగకుండా ఉంటామన్న మాట, ఇవేవీ మార్కులతో ముడిపెట్టవలసినవి కావు. ఆ బిడ్డకూ వయసు ఇరవై రెండే. వాటిని ఈ వేసవిలోనే ఇచ్చేయండి.