వీథి సంఘము – దాని నిర్వహణము

ఇంటి గడప లోపల మనము మిక్కిలి శుభ్రతను పాటింతుము. తెల్లవారకమునుపే మన తల్లులు వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టుదురు. కాని ఊడ్చిన చెత్త ఎచ్చటికి పోవును? పెక్కు గృహములలో అది గడప దాటి వీథికాలువలో పడును. కాలువ పూడును, నీరు నిలుచును, దోమలు పెరుగును, ఆ దోమలు తిరిగి ఏ ఇంటినుండి చెత్త వచ్చెనో ఆ ఇంటికే జ్వరమును గొనివచ్చును. ఇంటికి యజమాని కలడు. ఊరికి పురపాలక సంఘము కలదు. ఈ రెండింటి నడుమనున్న వీథిని తనదని తలచువాడు మాత్రము అరుదు. ఈ లోటును తీర్చుటకై ఏర్పడునదే వీథి సంఘము. దానిని స్థాపించు విధమును, నడుపు విధమును మేము ఈ పాఠమున వివరింపదలచితిమి. ఇది విద్యార్థులతోపాటు వారి తలిదండ్రులును చదువదగిన విషయము.

వీథి సంఘమన నేమి?

ఒక వీథిలోగాని, దగ్గర దగ్గరగనున్న రెండు మూడు వీథులలోగాని నివసించు కుటుంబములవారు తమ ఉమ్మడి అవసరములకై స్వచ్ఛందముగ ఏర్పరచుకొను సంస్థ వీథి సంఘము. సంఘములను స్థాపించుకొను హక్కు మన రాజ్యాంగములోని 19వ అధికరణమున పౌరులందరికిని ఈయబడినది. ఇట్టి సంఘమునకు పన్ను విధించు అధికారము లేదు; దండించు అధికారము లేదు. దానికి గల బలమెల్ల ఇరుగుపొరుగువారి నమ్మకమే. కావున ఆ నమ్మకమును చెరచు పనులు రెండింటిని సంఘము మొదటనే మానుకొనవలయును. ఒకటి, కులమునకో మతమునకో రాజకీయ పక్షమునకో సంఘమును తోకగా కట్టుట. రెండు, పురపాలక సంఘము చేయవలసిన పనినంతయు తన నెత్తిన వేసికొని, అధికారులకు విశ్రాంతి కలిగించుట. తాను చేయదగిన దానిని చేయుట, ప్రభుత్వము చేయవలసిన దానిని చేయించుట, ఈ రెండును వీథి సంఘమునకు రెండు చేతుల వంటివి.

పూర్వోదాహరణములు

ఉమ్మడి పని మన దేశమునకు క్రొత్త కాదు. తమిళ సీమలో చెరువుల పూడిక తీయుట, కట్టలు సరిచేయుట గ్రామస్థులే కలసి చేసెడివారు. దానికి కుడిమరామత్తు అని పేరు. 'కుడి' యనగా తమిళమున ప్రజలు.

ఆంధ్రదేశమున 1921లో జరిగిన చీరాల–పేరాల ఉద్యమము మరియొక ఉదాహరణము. ఆ రెండు గ్రామములను కలిపి ప్రభుత్వము పురపాలక సంఘముగ చేయగా, పన్నుల భారమును మోయజాలని ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేరున పాకలు వేసికొని పెక్కు నెలలు నివసించిరి. రామదండు అను స్వచ్ఛంద సేవకుల దళము వారికి తోడుగ నిలిచినది. అంతటి ఐకమత్యము చూపిన ఉద్యమమును నాయకుడు కారాగారమునకు పోయిన పిమ్మట, ధనము కొరవడిన పిమ్మట, నిలువజాలకపోయెను. దీనినుండి మనము గ్రహింపవలసిన నీతి స్పష్టము. ఒక్క మనుష్యునిపై ఆధారపడిన సంఘము ఆ మనుష్యునితోడనే కుంటుపడును. నిలువ నిధి లేని సంఘము చిరకాలము సాగదు.

మద్రాసు నగరమున 1989లో ఎం.బి. నిర్మల్‌గారు ప్రారంభించిన ఎక్స్‌నోరా సంస్థ ఇటీవలి కాలపు ఉదాహరణము. వీథివారు కలసి నెలకింత చందా వేసికొని, ఇంటింట చెత్తను సేకరించుటకు ఒక పనివానిని, ఒక బండిని ఏర్పాటు చేసికొను పద్ధతి దానివలన అనేక వీథులలో వ్యాపించెను. చెత్తకుండీ ఒకటి నిండి పొరలుట చూచి అధికారులను నిందించుచు కూర్చుండుటకంటె, ఇంటి వద్దనే చెత్తను గ్రహించు ఏర్పాటు మేలని వారు నిరూపించిరి.

స్థాపించు విధము

సంఘమును పెద్ద పేరుతో, పెద్ద సభతో, పూలదండలతో ప్రారంభించుట కంటె చిన్న పనితో ప్రారంభించుట మంచిది. వెలుగని వీథిదీపములను వెలిగింపజేయుట, వీథి చివరనున్న ముండ్లపొదను కొట్టించుట, బడికి పోవు దారిలోని గుంతను పూడ్పించుట వంటి పని యొకటి ముగిసినచో, ఇరుగుపొరుగువారు ఫలితమును కన్నులార చూచి తామే ముందుకు వత్తురు.

పిమ్మట నియమావళి వ్రాసికొనవలయును. సంఘము పేరు, హద్దులు, ఉద్దేశములు, సభ్యత్వము, చందా, ఎన్నికలు, లెక్కలు అను విషయములు అందుండవలయును. సంఘమును రిజిస్టరు చేయించినచో బ్యాంకులో సంఘము పేర ఖాతా తెరచుటకును, అధికారులతో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుటకును వీలగును. తమిళనాడున ఇందులకు 1975వ సంవత్సరపు సంఘముల రిజిస్ట్రేషను చట్టము కలదు. దాని ప్రకారము కార్యవర్గమున ముగ్గురికి తక్కువ కాకుండ సభ్యులుండవలయును. కార్యవర్గపు పదవీకాలము మూడేండ్లకు మించరాదు. సంవత్సరమునకు ఒకసారియైన సర్వసభ్య సమావేశము జరుపవలయును. ఈ నియమములను భారమని తలంపరాదు. చీరాల–పేరాల కథలో మనము చూచిన లోపమునకు ఇవియే మందు. పదవి చేతులు మారుచుండిననే పని నేర్చినవారి సంఖ్య పెరుగును.

అధ్యక్షుడు సభను నడుపును. అందరికి మాటలాడు అవకాశము కల్పించును. కార్యదర్శి సభలను పిలుచును, తీర్మానములను వ్రాయును, ఉత్తరములు నడుపును. కోశాధికారి ధనమును కాపాడును. ఈ మూడు పదవులును ఒకే ఇంటిలోనివారికి చేరరాదు. నీరు పట్టుట, చెత్త పారవేయుట, పిల్లలను బడికి పంపుట వంటి పనుల కష్టము స్త్రీలకు ఎక్కువగ తెలియును. కనుక కార్యవర్గమున వారికి స్థానము తప్పక ఉండవలయును. సభను వారికి తీరిక గల వేళ జరుపవలయును. రాత్రి వంటవేళ సభ పిలిచి, స్త్రీలు రాలేదనుట న్యాయము గాదు.

ధనము – లెక్కలు

సంఘములు చెడుటకు పెక్కుచోట్ల దొంగతనము కారణము గాదు, వ్రాయకుండుటయే కారణము. వ్రాయని లెక్క అనుమానమునకు తావిచ్చును; అనుమానము కలహమును పుట్టించును. ఈ విషయమును ఒక లెక్కతో విశదీకరింతము.

ఒక వీథిలో 60 ఇండ్లు గలవనుకొనుడు. ఇంటికి నెలకు 20 రూపాయల చందా. అందరును ఇచ్చినచో నెలకు 1,200, సంవత్సరమునకు 14,400 రూపాయలు రావలయును. కాని 45 ఇండ్లవారే ఇచ్చిరనుకొనుడు. అపుడు వచ్చునది సంవత్సరమునకు 10,800 రూపాయలు. ఖర్చు ఇట్లున్నది: ఖాళీ స్థలమును చదును చేసిన కూలి 4,000, మొక్కలు, వాని కంచెలు 3,500, ప్రకటన ఫలకము 900, కాగితములు, తపాలా 600. మొత్తము 9,000. నిలువ 1,800 రూపాయలు. ఈ పట్టికను వీథి మొగదల ఫలకముపై అంటించినచో, కోశాధికారిని ఎవరును వేలెత్తి చూపజాలరు. 14,400 వచ్చునని నమ్మి ముందుగనే ఖర్చు చేసియున్నచో, సంఘము 3,600 రూపాయల అప్పున పడియుండెడిది. రాబోవు చందాను లెక్కించి కాక, చేతికి వచ్చిన చందాను లెక్కించి ఖర్చు చేయవలయుననుట ఇందలి పాఠము.

చందా ఈయని 15 ఇండ్ల మాట యేమి? వారిలో ఇచ్చు శక్తి గలిగియు ఈయనివారు కొందరు, ఈయజాలనివారు కొందరు. ఇరువురిని ఒకే త్రాసున తూచరాదు. దినకూలితో బ్రతుకు కుటుంబము పేరును బాకీదారుల పట్టికలో వ్రాసి ఫలకమున అంటించుట సంఘమునకు అపకీర్తి. అట్టివారు నెలకొక పూట శ్రమదానము చేయవచ్చును. అదియును చేయజాలని వృద్ధులను విడిచిపెట్టవలయును. ఓటు మాత్రము అందరికి సమానముగ ఉండవలయును. చందా ఇచ్చినవారికే మాట యను నియమము పెట్టిన నాడు అది వీథి సంఘము గాక ధనికుల సంఘమగును.

మురుగు గుంతలలోనికి మనుష్యుని దింపి శుభ్రము చేయించుటకు సంఘధనమును ఎన్నడును వెచ్చింపరాదు. రక్షణ లేకుండ అట్టి పని చేయించుటను 2013వ సంవత్సరపు చట్టము నిషేధించినది. ఆ పనికి యంత్రములను పంపవలసినదని పురపాలక సంఘమును కోరవలయును.

అధికారులతో వ్యవహారము

అర్జీ వ్రాయుట ఒక విద్య. 'మా వీథిలో దీపములు వెలుగుట లేదు, దయతో చర్య తీసికొనవలయును' అని వ్రాసిన అర్జీ దొంతరలో అడుగున పడును. 'మా వీథిలో 17 స్తంభములు గలవు. వానిలో 3, 4, 9, 12, 16 సంఖ్యల స్తంభముల దీపములు ఈ నెల 2వ తేదీ నుండి వెలుగుట లేదు' అని వ్రాసిన అర్జీకి ప్రత్యుత్తరము ఈయక తప్పదు. ప్రతి అర్జీకి నకలు ఉంచుకొని, అందినట్లు ముద్ర వేయించుకొనవలయును. సమాధానము రానిచో 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము కలదు. సాధారణముగ 30 దినములలో సమాచారము ఈయవలయునని ఆ చట్టము శాసించుచున్నది.

తమిళనాడు నగరములలో వార్డు కమిటీలను, ఏరియా సభలను ఏర్పరచుటకు 2022లో నియమములు వెలువడినవి. గ్రామములలో గ్రామసభ యెట్టిదో, నగరములలో ఏరియా సభ అట్టిది. వీథి సంఘమువారు తమ కోరికలను ముందుగ చర్చించి, ముఖ్యమైన వానిని రెండు మూడింటిని మాత్రము ఎంచుకొని అట్టి సభలకు పోవలయును. ఇరువది కోరికలు చదివినవానికంటె రెండు కోరికలను సాక్ష్యముతో చెప్పినవాని మాటకే బరువు హెచ్చు.

మన వీథిలోని భాషలు

ఇపుడు మనకు ప్రత్యేకించి సంబంధించిన విషయమునకు వత్తుము. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగు, తమిళము, కన్నడము, ఉర్దూ మాటలాడు కుటుంబములు ఒకే వీథిలో గోడకు గోడగ నివసించుచున్నవి. ఇట్టి చోట సంఘము రెండు విధముల చెడవచ్చును. వచ్చినవారిలో సగముమందికి తెలియని భాషలో సభ జరుపుట మొదటి విధము. తెలియనివారు తలయూపి, చేవ్రాలు చేసి, ఇంటికి పోయి మరల రారు. చదువని కాగితముపై చేసిన చేవ్రాలు సమ్మతి గాదు. భాషకొక సంఘము పెట్టుట రెండవ విధము. ఒకే కాలువకు నాలుగు సంఘములైనచో, కాలువ మాత్రము పూడియే యుండును.

కావున మేము సూచించు పద్ధతి ఇది. తీర్మానముల పుస్తకమును ఒక భాషలో వ్రాయవచ్చును. కాని చేవ్రాలు చేయించుటకు ముందు ప్రతి తీర్మానమును వీథిలోని ఇతర భాషలలో బిగ్గరగ చదివి చెప్పవలయును. ప్రకటనలను వీథిలో వాడుకలోనున్న భాషలన్నింటను వ్రాయవలయును. పురపాలక కార్యాలయమునకు పంపు ఉత్తరములు తమిళమున నుండిన పని త్వరగ సాగును. అందులకు సంకోచింప పనిలేదు. అయితే కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు విన్నపము చేసికొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణము ప్రతివానికి ఇచ్చుచున్నది. తమిళము రాని మన ఇంటి వృద్ధురాలు తన పింఛను విషయమై తెలుగున అర్జీ వ్రాయించుట తప్పు గాదు. అది ఆమె హక్కు. రాజ్యభాషను నేర్చుట మన అవసరము. మాతృభాషను నిలుపుకొనుట మన కర్తవ్యము. ఒకటి రెండవదానికి శత్రువు గాదు.

విద్యార్థుల కర్తవ్యము

విద్యార్థులారా! మీరు బడిలో తెలుగును, తమిళమును చదువుచున్నారు. మీ తాతలలో పెక్కుమందికి ఈ రెండవ లిపి రాదు. వీథి ఫలకముపై నీటి సరఫరా ప్రకటన అంటించినపుడు దానిని చదివి వారికి వినిపించువారు మీరే. సభలో చెప్పినదానిని మార్పు చేయక, తగ్గింపక, పెంపక ఒక భాషనుండి మరియొక భాషకు మార్చి చెప్పుట గొప్ప విద్య. అది పరీక్షలలో మార్కులు తెచ్చునో లేదో గాని, ఒక వృద్ధుని చేవ్రాలునకు అర్థము తెచ్చును. స్తంభములు లెక్కించుట, చందా పట్టికను కూడి సరిచూచుట, మొక్కలకు నీరు పోయుట కూడ మీ వయస్సుకు తగిన పనులే.

తలిదండ్రులకు మా విన్నపము ఒకటి. 'మనము పొరుగు భాషవారము, మనకెందుకు' అను మాటను పిల్లల ఎదుట అనకుడు. తరతరములుగ మనము ఈ నేలపై నివసించుచున్నాము. ఈ చెరువుల నీరు త్రాగుచున్నాము. ఇచ్చటనే పన్ను కట్టుచున్నాము. వీథి పనిలో చేయి కలిపినవాడు ఆ వీథికి పరాయివాడు కాడు. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిరి. ఆ రెండింటికి నడుమ గెలువవలసిన వీథి యొకటి కలదు.

అభ్యాసము

1. వీథి సంఘమునకు, పురపాలక సంఘమునకు గల భేదములను తెలుపుడు.
2. చీరాల–పేరాల ఉద్యమమునుండి సంఘ నిర్వాహకులు గ్రహింపవలసిన నీతులేవి?
3. 48 ఇండ్లు గల వీథిలో ఇంటికి నెలకు 25 రూపాయల చందా. మూడు పాళ్ళవారు ఇచ్చి, ఒక పాలువారు ఈయనిచో సంవత్సరపు ఆదాయమెంత?
4. మీ వీథిలోని లోపమొకదానిని స్వయముగ పరిశీలించి, సంఖ్యలతో, తేదీలతో అర్జీ వ్రాయుడు. దానిని తమిళమునకు మార్చి, రెండింటిని మీ ఇంటి పెద్దలకు చదివి వినిపింపుడు.