ఆయిలింజను మోతలో కొట్టుకుపోయిన ‘అర లీటరు’: మన వీడియోల్లో మాట తేటగా వినపడాలంటే

ఈసారి పాఠం కషాయం గురించి కాదు, దాని గురించి చెప్పే మాట గురించి. మనలో చాలామంది ఇప్పుడు పొలంలో నిలబడి ఫోన్‌తో వీడియోలు తీసి పెడుతున్నాం. ఎవరో ఒకరు అది విని, మనం చెప్పిన లెక్క ప్రకారమే డ్రమ్ములో కలుపుతున్నారు. ఆ లెక్క సరిగా వినపడకపోతే ఏమవుతుందో నాకు పోయిన సీజన్లో తెలిసొచ్చింది.

వంగలో కాయ తొలిచే పురుగులకు అగ్ని అస్త్రం ఎలా కొట్టాలో ఒక వీడియో తీశాను. పక్క చేలో ఆయిలింజను నడుస్తోంది. మడికి నీళ్లు పెట్టుకుంటున్న మనిషిని ఆపమనడానికి మొహమాటం. ‘‘20 లీటర్ల ట్యాంకుకు అర లీటరు అగ్ని అస్త్రం’’ అని చెప్పాను. నాలుగు రోజుల తర్వాత ఖమ్మం వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ‘‘తమ్ముడూ, ట్యాంకుకు ఆరు లీటర్లంటే ఎకరానికి ఎంత కాయాలయ్యా? నేను చేసుకున్న కషాయం మొత్తం రెండు ట్యాంకులకే అయిపోయింది’’ అన్నారు. నాకు కాళ్లాడలేదు. ఆయన అప్పటికే నాలుగు సాళ్లు కొట్టారు. పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి గోమూత్రంలో మరిగించిన కషాయం అది. 100 లీటర్ల నీళ్లకు రెండున్నర లీటర్ల లెక్కన పోవాల్సింది 30 లీటర్ల లెక్కన పోయింది. ఆకు అంచులు మాడిపోయాయి.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ‘‘చెవులు కూడా సరిగా లేవులే’’ అన్నారు. తప్పు ఆయన చెవులది కాదండి. ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా వీడియో నేనే విన్నాను. ‘అర’ అన్నానో ‘ఆరు’ అన్నానో నాకే తేలలేదు. వెంటనే వీడియో తీసేశాను. దాన్ని బాగుచేయొచ్చేమో చూద్దామని కంప్యూటర్లో ఆడాసిటీ తెరిచాను.

ఆడాసిటీ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఇద్దరు మొదలుపెట్టి 2000లో బయటికి విడుదల చేశారు. పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఫోన్‌లో తీసిన వీడియోలోంచి ఆడియో తీసుకోవాలంటే ‘ఫైల్’ మెనూలో ‘ఇంపోర్ట్’ కొట్టి ఫైలు ఎంచుకోవాలి. విండోస్‌లో వీడియో ఫైలు తెరుచుకోకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే లైబ్రరీ విడిగా వేసుకోవాలి. అదీ ఉచితమే. మీ అసలు వీడియోకి ఏమీ కాదు. ఆడాసిటీ దాని కాపీ మీదే పని చేస్తుంది, కాబట్టి ధైర్యంగా ప్రయోగాలు చేయండి.

ఇందులో మనకు కావాల్సింది ‘నాయిస్ రిడక్షన్’ అనే ఎఫెక్ట్. నా దగ్గరున్న మూడో వెర్షన్లో ‘ఎఫెక్ట్’ మెనూలో ‘నాయిస్ రిమూవల్ అండ్ రిపేర్’ కింద ఉంటుంది. ఇది రెండు అడుగుల పని. మొదటి అడుగులో మోతకు నమూనా ఇస్తాం. మట్టి పరీక్షకు నమూనా తీసినట్టే అనుకోండి. ఎవరూ మాట్లాడకుండా మోత ఒక్కటే ఉన్న ముక్కను మౌస్‌తో ఎంచుకుని ‘గెట్ నాయిస్ ప్రొఫైల్’ నొక్కాలి. రెండో అడుగులో కంట్రోల్, ‘ఎ’ కలిపి నొక్కి మొత్తం ఆడియో ఎంచుకుని, మళ్లీ అదే ఎఫెక్ట్ తెరిచి, అంకెలు సరిచూసుకుని ఓకే కొట్టాలి.

లోపల జరిగేది ఇది. సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని బొంగురు నుంచి కీచు దాకా వందల సన్నటి పట్టీలుగా విడదీస్తుంది. మనం ఇచ్చిన నమూనాలో ఏ పట్టీలో మోత ఎంత ఉందో గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత మొత్తం ఆడియోలో ఏ పట్టీలో శబ్దం ఆ స్థాయికి మించకుండా ఉంటే ఆ పట్టీని కిందికి నొక్కుతుంది. మించి ఉంటే అది మాటే అనుకుని వదిలేస్తుంది. అంతే. దానికి తెలుగు రాదు, వంగ తెలీదు. మోత కన్నా మెల్లగా పలికిన అక్షరం దాని లెక్కలో మోతే.

అందుకే ఒకే రకంగా సాగే మోతల మీద ఇది బాగా పనిచేస్తుంది. ఫ్యాను, మోటారు, ఫ్రిజ్, మైకు ‘స్‌స్’ మోత, కరెంటు వైరు దగ్గర ‘గుంయ్’ మనే మోత ఇలాంటివి. కుక్క మొరిగినా, రోడ్డు మీద లారీ హారన్ కొట్టినా, పక్కన ఇద్దరు మాట్లాడుకుంటున్నా దీనితో పోవు. నమూనాలో ఉన్న మోతకూ ఆ శబ్దాలకూ పోలిక ఉండదు కదా. నెమలి అరిచిందని ప్రొఫైల్ తీసుకుని గంటసేపు కుస్తీ పట్టినవాణ్ని నేను. ఆ చోట వాక్యం మళ్లీ చెప్పి రికార్డు చేసుకుంటే రెండు నిమిషాల పని.

ఇక అంకెల సంగతి. మూడు అంకెలుంటాయి. మొదటిది ఎన్ని డెసిబెల్స్ తగ్గించాలో చెప్పేది. 6 పెడితే మోత ఎత్తు సగానికి పడుతుంది, 12 పెడితే పావుకి. రెండోది సెన్సిటివిటీ. ఇది పెంచే కొద్దీ సాఫ్ట్‌వేర్ ఎక్కువ శబ్దాన్ని మోత కింద లెక్కేస్తుంది. మూడోది స్మూతింగ్. నొక్కే పనిని పక్క పట్టీలకు కొంచెం సర్దుతుంది. మరీ పెంచితే గొంతు మసకబారుతుంది.

కొత్తలో అందరం చేసే తప్పు మొదటి అంకె 30 దాకా లాగేయడం. మోత మాయమవుతుంది, వినగానే సంబరంగా ఉంటుంది. రెండోసారి వింటే మనిషి బిందెలో తలపెట్టి మాట్లాడుతున్నట్టు, మాట వెనక గజ్జెల్లాంటి సన్నటి చప్పుళ్లు. తూర్పార పట్టేటప్పుడు గాలి ఎక్కువైతే తాలుతో పాటు సన్న గింజ కూడా కొట్టుకుపోతుంది చూడండి, ఇక్కడా అంతే. స, శ, చ, ట లాంటి అక్షరాల బలం కీచు వైపు పట్టీల్లో ఉంటుంది, పైగా అవి క్షణంలో అయిపోతాయి. ముందు పోయేవి అవే. నేను 6 నుంచి 12 మధ్యే ఉంచుతున్నా. అంతకు మించి కావాలనిపిస్తే ఒకేసారి 20 పెట్టను, కొంచెం కొంచెంగా రెండుసార్లు చేసి వింటాను.

ఆ ఎఫెక్ట్ కిటికీలో ‘రెసిడ్యూ’ అని ఒక బటన్ ఉంటుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు. నా మటుకు నాకు మొత్తంలో పనికొచ్చే బటన్ అదే. అది ఎంచుకుని ప్రివ్యూ నొక్కితే, తీసేయబోతున్న శబ్దం మాత్రమే వినిపిస్తుంది. అంటే చేటలోంచి కింద పడేది చూడటం. అందులో ఉత్త మోతే వినపడితే సరే. మీ మాటలు ముక్కలు ముక్కలుగా వినపడుతుంటే గింజ పోతోందని అర్థం. సెన్సిటివిటీ తగ్గించి మళ్లీ వినండి. అయ్యాక ‘రెసిడ్యూ’ నుంచి ‘రెడ్యూస్’కి మార్చడం మర్చిపోకండి. ఒకసారి నేను మర్చిపోయి ఆయిలింజను మోత ఒక్కటే సేవ్ చేసుకున్నాను.

గాలి హోరుకు వేరే మందు. గాలి మైకుకి తగిలి వచ్చే ‘దబదబ’ ఒకే రకంగా ఉండదు కాబట్టి ప్రొఫైల్‌తో లొంగదు. అది ఎక్కువగా బొంగురు వైపు ఉంటుంది కనుక ‘హైపాస్ ఫిల్టర్’ వాడి 80 నుంచి 100 హెర్ట్జ్ కింద కోసేయొచ్చు. మాట తెలియడానికి కావాల్సిందంతా దాదాపు దాని పైనే ఉంటుంది. అయితే గాలి గట్టిగా కొట్టి మైకు పగిలినట్టు మోగితే ఏ ఫిల్టరూ దిక్కు కాదు. ముందే మైకుకి స్పాంజ్ తొడుగో బొచ్చు తొడుగో వేయాలి, గాలికి వీపు పెట్టి నిలబడాలి.

ఇదంతా నేర్చుకుని నా వంగ వీడియో మీద కూర్చున్నాను. మొదటి దెబ్బ నమూనా దగ్గరే తగిలింది. వీడియో మొదలుపెట్టగానే ‘నమస్తే’ అనేశాను. నిమిషం కూడా గ్యాప్ లేకుండా వాగాను. ఊపిరి తీసుకున్న చోట ఒకటిన్నర సెకను దొరికింది. అందులోనూ ఇంకో చిక్కు ఉంది. ఫోన్లు చాలావరకు శబ్దం మట్టాన్ని వాటంతట అవే సర్దుకుంటాయి. మనం మాట్లాడితే తగ్గిస్తాయి, ఆపగానే పెంచుతాయి. కాబట్టి నేను ఆగిన చోట ఉన్న మోత, నా మాట వెనక ఉన్న మోత ఒకే ఎత్తులో లేవు. నమూనా సరిపోలేదు.

అయినా మూడు రాత్రులు తంటాలు పడ్డాను. వీడియో మొత్తం మీద మోత బాగానే తగ్గింది. మా ఆవిడ కూడా బాగుంది అంది. కానీ ఆ ఒక్క వాక్యం దగ్గర ‘అర’కి ‘ఆరు’కి తేడా రాలేదు. ఇంజను ‘డబ్’ అన్న క్షణంలోనే ఆ అక్షరం పడింది. మోత నొక్కితే అక్షరం పోతోంది, వదిలితే మోత మింగేస్తోంది. రికార్డులోకి ఎక్కని అక్షరాన్ని సాఫ్ట్‌వేర్ పుట్టించలేదు. ఈమధ్య ఏఐతో గొంతు శుభ్రం చేసే ఆన్‌లైన్ టూల్స్ వచ్చాయి. కొన్ని నిజంగానే మోత మాయం చేస్తాయి. కానీ వాటిలో కొన్ని గొంతును తమ అంచనాతో మళ్లీ తయారుచేస్తాయి. తెలియని అక్షరం దగ్గర ఏదో ఒకటి పలుకుతాయి, అదీ తేటగా. నాకు అదే భయం. మోతలో వినపడకపోతే కనీసం పెద్దాయనలా ఫోన్ చేసి అడుగుతారు. తేటగా తప్పు వినపడితే ఎవరూ అడగరు. కబుర్లకు వాడుకోండి, మోతాదు చెప్పే వాక్యాలకు నేను వాడను.

చివరికి ఆ వాక్యం ఒక్కటీ ఇంట్లో కూర్చుని మళ్లీ చెప్పి అతికించాను. ‘‘20 లీటర్ల ట్యాంకుకు 500 మిల్లీలీటర్లు, అంటే అర లీటరు, సగం లీటరు’’ అని మూడు రకాలుగా చెప్పాను. స్క్రీన్ మీద అంకె కూడా వేశాను.

అప్పట్నుంచి పొలంలో నా పద్ధతి మారింది. కెమెరా ఆన్ చేశాక పది సెకన్లు నోరు మెదపను. నమూనా అక్కడే, అదే చోట, అదే మోతతో దొరుకుతుంది. చోటు మారితే మళ్లీ పది సెకన్లు. మైకు దగ్గరికి తెచ్చుకున్నాను. దూరం సగమైతే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది, పక్క చేలో ఇంజను మాత్రం ఎక్కడిదక్కడే. నాలుగు అడుగుల నుంచి ఒక అడుగుకి వస్తే 12 డెసిబెల్స్ లాభం. ఆడాసిటీలో గొంతు పాడవుతుందేమోనని భయపడుతూ తగ్గించేది కూడా అంతే కదా! చొక్కాకి పెట్టుకునే వైరు మైకు చాలు, పెద్ద ఖర్చేం కాదు. ఇంజను ఆపమని అడగడానికి ఇప్పుడు మొహమాటపడను. పది నిమిషాలు ఆపితే మడి ఎండదు.

వరస కూడా ముఖ్యమే. ముందు నాయిస్ రిడక్షన్, ఆ తర్వాతే ‘నార్మలైజ్’ లేదా ‘యాంప్లిఫై’తో శబ్దం పెంచడం. ‘కంప్రెసర్’ లాంటివి ముందే వేస్తే అడుగున ఉన్న మోత కూడా పైకి లేస్తుంది, ఎత్తు మారుతూ ఉంటుంది, ప్రొఫైల్ కుదరదు. ఇంకొకటి, ఆడాసిటీలో ముక్కలు కోయొద్దు. నిడివి మారకుండా ‘వేవ్’ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, వీడియో ఎడిటర్లో పాత ఆడియో మ్యూట్ చేసి దీన్ని మొదటి నుంచి పెట్టండి. పెదాలకీ మాటకీ సరిపోతుంది. కోతలన్నీ అక్కడే. ఈ పనులన్నీ ఒక్కొక్కటిగా పై వీడియోలో స్క్రీన్ మీద చూపించాను, ఆపుకుంటూ చూడండి.

అన్నీ అయ్యాక మా అమ్మకి ఫోన్ ఇస్తాను. హెడ్‌ఫోన్స్ వద్దు, ఫోన్ స్పీకర్ మీదే, వంటింట్లో మిక్సీ పక్కనో వసారాలోనో. మన రైతులు వినేది అలాగే కదా. వినపడిన అంకెలు కాగితం మీద రాయమంటాను. ఆమెకి కషాయాల లెక్కలు తెలీవు, అందుకే ఊహించి రాయలేదు. నాకైతే ముందే తెలుసు కాబట్టి వినపడకపోయినా వినపడినట్టే ఉంటుంది. ఆమె రాసిన అంకె, నేను చెప్పిన అంకె కలవకపోతే ఆ వాక్యం మళ్లీ రికార్డు చేస్తాను.

పెద్దాయన వంగ ఆ నాలుగు సాళ్లలో మళ్లీ చిగురేసింది, కాపు మాత్రం వెనకబడిందట. ఫొటో పంపారు. పోయిన వారం మళ్లీ ఫోన్ చేసి ‘‘దశపర్ణి వీడియోలో కూడా ఒక చోట ట్రాక్టరు అడ్డమొచ్చింది చూసుకో తమ్ముడూ’’ అన్నారు. చూశాను, నిజమే. ఆకు ఎన్ని కిలోలో చెప్పిన చోటే. ఆ వాక్యం ఈ ఆదివారం మళ్లీ రికార్డు చేసి పెడతాను. అప్పటిదాకా ఆ వీడియో తీసి ఉంచాను.