పట్టణపు వెలుగులో నీహారికా ఛాయాచిత్రము

1880వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీ రాత్రి అమెరికాలో హెన్రీ డ్రేపర్ అను శాస్త్రజ్ఞుడు ఓరియన్ నీహారికను మొట్టమొదట ఛాయాచిత్రమందు పట్టెను. అందులకై 51 నిమిషములు పలకపై వెలుగు పడనిచ్చెను. తెలుగు బైబిలు యోబు గ్రంథములో మృగశిర యని పేర్కొనిన నక్షత్రమండలమే ఓరియన్. అందు వరుసగా నిలిచిన మూడు నక్షత్రముల చెంత మసకగా కానవచ్చునదే ఆ నీహారిక.

ఎంతసేపు తెరచి యుంచిన అంత బాగుగా కనబడునని తలచి, మేమును వీధిదీపముల నడుమ కెమెరాను 30 సెకనులు తెరచితిమి. ఆకాశమంతయు నారింజవర్ణమై వెలవెలబోయెను, నక్షత్రములు గీతలయ్యెను. కెమెరాను నిందించితిమి గాని తప్పు మాదే. దీపకాంతి గాలిలోను ధూళిలోను చెదరి ఆకాశమును వెలిగించును. కెమెరా ఆ వెలుగును నీహారిక వెలుగును కలిపియే గ్రహించును.

కావున కెమెరాను ముక్కాలి స్టాండుపై కదలకుండ నిలుపవలెను. కటకము 50 మి.మీ. అయినచో, 500ను 50చే భాగింపగా వచ్చు 10 సెకనులకు మించరాదు. చిన్న సెన్సరు గల కెమెరాకు 6 సెకనులు చాలును. కటకద్వారము ఎఫ్ 2.8, ఐ.ఎస్.ఓ. 800 లేక 1600 ఉంచుడు. ఐ.ఎస్.ఓ. పెంచినంత మాత్రమున లోనికి వచ్చు వెలుగు పెరుగదు. ప్రకాశవంతమైన నక్షత్రమును తెరపై పెద్దదిగా జూచి చేతితోనే ఫోకసు కుదుర్చుడు. చిత్రమును రా ఫైలుగా భద్రపరచుడు. హిస్టోగ్రాము శిఖరము ఎడమ అంచును విడిచి, మూడవ వంతునకు లోపల నుండవలెను. అది దాటినచో కాలమును గాని ఐ.ఎస్.ఓ.ను గాని తగ్గింపుడు.

అట్లు 100 చిత్రములు తీసి, డీప్‌స్కైస్టాకర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో ఒకదానిపై నొకటి చేర్పుడు. నీహారిక వెలుగు 100 రెట్లగును. చిత్రమును చెరచు గరుకుదనము 10 రెట్లు మాత్రమే పెరుగును. అయినను ఆకాశము 4 రెట్లు వెలుగుగా నున్నచోట, అంతే స్పష్టతకు సుమారు 4 రెట్ల కాలము పట్టును. పట్టణవాసి ఓర్పుతోనే ఆ వెల చెల్లింపవలెను.

తలిదండ్రులకు ఒక మనవి. అక్కరలేని దీపమును ఆర్పి, కావలసిన దీపపు కాంతి క్రిందికే పడునట్లు మరుగు కట్టింపుడు. దేవుడు చూడుమని యిచ్చిన ఆకాశమును మన పిల్లలకు మనమే మరుగుపరుపరాదు గదా!