విద్యుత్ కారు – పొగ ఎచ్చటికి పోయినది?

పర్వతముపై పొగను చూచి అచ్చట నిప్పు కలదని ఊహించుట తర్కశాస్త్రపు తొలి పాఠము. కాని పొగ కనబడనంత మాత్రమున నిప్పు లేదని నిశ్చయించుట తర్కము కాదు. ఇటీవల తరగతిలో ఒక విద్యార్థి “సార్, కరెంటు బండికి పొగ లేదు గదా! ఇక కాలుష్య సమస్య తీరినట్లేనా?” అని అడిగినపుడు నాకీ పాఠమే జ్ఞప్తికి వచ్చినది. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

మొదట గుణమును చెప్పుట న్యాయము. పెట్రోలు ఇంజనులో ఇంధనశక్తిలో ఇంచుమించు నాలుగవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పును. తక్కినది వేడిగా వృథా యగును. విద్యుత్ మోటారు తాను గ్రహించిన శక్తిలో ఐదింట నాలుగు వంతులకు మించి చక్రములకు అందించును. కర్నూలు కొండారెడ్డి బురుజు వద్దనో, కడప ఏడు రోడ్ల కూడలిలోనో దినమంతయు నిలబడు పోలీసు జవానుకు, తోపుడుబండి వర్తకునకు, బడిపిల్లలకు విద్యుత్ ఆటో నిజమైన మేలు చేయుచున్నది. దీనిని కాదనరాదు.

అయితే ఆ విద్యుత్తు ఎచ్చటిది? కడప జిల్లా ఎర్రగుంట్ల మండలములోని కలమళ్ల గ్రామము తెలుగు విద్యార్థులకు సుపరిచితము. సుమారు క్రీ.శ. 575 నాటి రేనాటి చోళుల తెలుగు శాసనము లభించిన ఊరది. ఆ ఊరి చెంతనే నేడు రాయలసీమ తాప విద్యుత్ కేంద్రము కలదు. 1994లో ఉత్పత్తి ప్రారంభించిన ఈ కేంద్రపు సామర్థ్యము ప్రస్తుతము 1650 మెగావాట్లు. దూరప్రాంతముల నుండి రైళ్లలో వచ్చు బొగ్గు ఇచ్చట దహనమగుచున్నది. పట్టణములో మాయమైన పొగ పల్లె గొట్టము నుండి వెలువడుచున్నది. బూడిద ఆ పల్లెల చేరువనే పేరుకొనుచున్నది.

ఒక చిన్న లెక్క వేయుదము. లీటరుకు 16 కిలోమీటర్లు నడచు కారు 100 కిలోమీటర్లకు ఆరు లీటర్లకు పైగా పెట్రోలు త్రాగును. లీటరుకు సుమారు 2.3 కిలోల చొప్పున 14 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. అదే దూరమునకు విద్యుత్ కారుకు సుమారు 15 యూనిట్లు కావలెను. మన దేశపు సగటు ప్రకారము యూనిట్‌కు 0.7 కిలోలకు పైగా, అనగా మొత్తము సుమారు 11 కిలోలు. తీగలలోని నష్టమును కలిపిన ఇంకను కొంత పెరుగును. కేవలము బొగ్గు విద్యుత్తుతోనే నడిపినచో ఈ తేడా ఇంచుమించు మాసిపోవును.

అదృష్టవశమున మన సీమకు వర్షము కొరతయే గాని ఎండకు కొరత లేదు. గని, శకునాల గ్రామముల వద్ద 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2017లో పనిచేయ నారంభించినది. కాని సూర్యుడు అస్తమించిన పిదపనే మనము ఇండ్లకు చేరి బండ్లకు కరెంటు పెట్టుదుము. అప్పుడు భారము మరల బొగ్గుపైననే పడును. పగటి విద్యుత్తుతో నీటిని ఎగువ జలాశయమునకు తోడి, రాత్రి క్రిందికి వదలి విద్యుత్తు తీయు పిన్నాపురం పథకము ఈ చిక్కునకు ఒక విరుగుడు. పగటిపూట కళాశాల ఆవరణలోనే బండ్లకు విద్యుత్తు నింపుట అంతకంటె సులభమైన విరుగుడు.

ఇక బ్యాటరీ సంగతి. దానికి కావలసిన లిథియం దక్షిణ అమెరికా ఎడారుల ఉప్పునీటి నుండి, కోబాల్టు కాంగో దేశపు గనుల నుండి వచ్చుచున్నది. ఆ గనులలో పసివారును శ్రమించుచున్నారన్నది ప్రపంచ మెరిగిన విషాదము. మన మండుటెండలు బ్యాటరీ ఆయువును తగ్గించును. వాడిన బ్యాటరీలను తయారీదారులే తిరిగి సేకరించి శుద్ధి చేయించవలెనని 2022 నాటి కేంద్ర ప్రభుత్వ నియమములు చెప్పుచున్నవి. వాటి అమలుపైననే మన నేల, నీరు ఆధారపడి యున్నవి.

విద్యుత్ కారైనను టైర్ల ధూళి తప్పదు, రద్దీ తగ్గదు. ఏబది మంది ఏబది కార్లలో పోవుటకును ఒక బస్సులో పోవుటకును గల తేడాను ఏ బ్యాటరీయు పూడ్చలేదు. 2022 నుండి తిరుపతి, తిరుమలల మధ్య నడచుచున్న విద్యుత్ బస్సులు మనకు మార్గదర్శకములు. దిగుదారిలో వాటి మోటారే జనరేటరై కొంత విద్యుత్తును తిరిగి బ్యాటరీకి చేర్చును.

కావున విద్యుత్ కారు సమస్యకు సంపూర్ణ పరిష్కారము కాదు. పరిష్కారములో ఒక భాగము మాత్రమే. బండ్లు నిలుపు చోట సౌరఫలకముల పందిరియు, గ్రామముల నుండి వచ్చు విద్యార్థులకు ఒక బస్సును ఏర్పరచు విషయమును కళాశాల కమిటీ వారు ఆలోచింతురు గాక! విద్యార్థులు మాత్రము ఏ నూతన యంత్రమును చూచినను దాని పొగ ఎచ్చటికి పోయినదని అడుగుట మరువరాదు. కలమళ్ల పల్లెవాసుల ఊపిరియు మన ఊపిరి వంటిదే.