ఆగిన పరుగు – పునరారంభం

"పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అన్నారు మన పెద్దలు. ఆత్రం కూడదని చెప్పిన ఆ మాటను, పరుగే కూడదన్నట్లు అన్వయించుకున్నవారు మనలో లేకపోలేదు. అయినప్పటికీ రాజమహేంద్రవరంలో తెల్లవారుజామున గోదావరి గట్టు మీదికి వెళ్ళి చూస్తే, పతకాల మీద ఆశ లేకుండా, కేవలం ఆరోగ్యం కోసం, ఆనందం కోసం పరుగెత్తేవారు కనిపిస్తారు. వారిలో పలువురు ఏదో ఒకనాడు కనిపించడం మానేస్తారు. పరీక్షలు, విషజ్వరం, మడమ నొప్పి, ఉపవాస దినాలు, ఇంటి బాధ్యతలు – కారణం ఏదైనా కావచ్చు. ఆగిపోవడం దోషం కాదు. తిరిగి ఎలా ఆరంభించాలో తెలియకపోవడమే అసలు నష్టం. ఈ వ్యాసంలో ఆ విషయాన్నే పరిశీలిద్దాం.

ఈ సమస్య నాకు పుస్తకాలలో ఎదురైనది కాదు. ఒకప్పుడు టైఫాయిడ్‌తో ఐదు వారాలు మంచాన పడి లేచి, తిరిగి గట్టు మీదికి వెళ్ళాను. పూర్వం నలభై నిమిషాలు ఆగకుండా పరుగెత్తినవాడిని, ఆరు నిమిషాలకే రొప్పుతూ మెట్ల మీద కూలబడ్డాను. నా వెనుక పరుగు నేర్చుకున్న కుర్రవాడొకడు నన్ను దాటిపోతూ "మెల్లగా మాస్టారూ!" అన్నాడు. ఆ మాటలో ఉన్నది ఆదరమే. నాకు మాత్రం అవమానమని తోచింది. మరునాడు పంతం కొద్దీ పాత దూరమంతా పరుగెత్తాను. పది రోజులు గడవకముందే మోకాలి కింద ముందరి ఎముక పొడవునా నొప్పి పట్టుకుంది. మరి రెండు నెలలు ఇంటికే పరిమితమయ్యాను. జ్వరం నా నుండి తీసుకున్నది ఐదు వారాలే. రెండు నెలలు తీసుకున్నది నా పంతం.

సాధన ఆగినప్పుడు దేహంలో ఏమి జరుగుతుంది? 1984లో అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్, ఆయన సహచరులు బాగా సాధన చేసిన ఏడుగురి చేత వ్యాయామం మాన్పించి పరిశీలించారు. ప్రాణవాయువును గరిష్ఠంగా వినియోగించుకునే శక్తి మూడు వారాలలో సుమారు 7 శాతం, ఎనిమిది వారాలకు 16 శాతం తగ్గింది. ఆ తరువాతి నాలుగు వారాలలో ఇంకా దిగజారక నిలకడగా ఉంది. తొలుత తగ్గేది రక్తంలోని ద్రవభాగం. దానితో గుండె ఒక్కొక్క స్పందనకు పంపే రక్తం తగ్గి, నాడి వేగం హెచ్చుతుంది. మొదటి రోజున మనల్ని కూలదోసే ఆయాసానికి ముఖ్యకారణం ఇదే. కండరాలలోని సూక్ష్మ రక్తనాళాలు మాత్రం పన్నెండు వారాల తరువాత కూడా చెక్కుచెదరలేదు. అంటే, భవనం కూలిపోలేదు, దీపాలు మాత్రం ఆరాయి.

మరొక ప్రయోగం ఇంకా ఆశ్చర్యకరమైనది. 1966లో డల్లాస్ నగరంలో ఇరవై ఏండ్ల యువకులు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదనే ఉంచారు. వారి శక్తి నాలుగో వంతుకు పైగా క్షీణించింది. పిమ్మట కొన్ని వారాల సాధనతో దానిని తిరిగి పొందారు. ముప్పై ఏండ్ల తరువాత ఆ ఐదుగురినే మళ్ళీ పరీక్షించగా, ముప్పై ఏండ్ల వయోభారం చేసిన నష్టం కంటే ఆనాటి మూడు వారాల మంచం చేసిన నష్టమే అధికమని తేలింది. అప్పుడు ఆరు నెలలు క్రమంగా సాధన చేయించగా, వారు తమ యౌవనంలో ప్రయోగానికి ముందున్న స్థాయిని అందుకున్నారు. పోయినది తిరిగి వస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనమేమి కావాలి?

అయితే ఇక్కడొక మెలిక ఉంది. రక్తం, గుండె త్వరగా కోలుకుంటాయి. ఎముకలు, కండరాలను ఎముకలకు కట్టే నరాలవంటి బంధనాలు నిదానంగా గట్టిపడతాయి. ఊపిరి అందుతున్నది కదా అని దూరం పెంచితే, కాలు లొంగిపోతుంది. డెల్టావాసులకు దీనికి ఉపమానం వెతకనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు ఈ ప్రాంతపు జీవనమంతా కాలువల మీదనే నడుస్తున్నది. వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీస్తారు, గట్లు బాగుచేస్తారు. ఆ విరామాన్ని ఏ రైతూ వృథా అనడు. ఎండిన గట్ల మీద ఒక్కసారిగా నిండు ప్రవాహం వదిలితే గండి తప్పదని కూడా అతనికి తెలుసు.

విశాఖపట్నంలో జన్మించిన హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజీ చరిత్ర ఈ సందర్భంలో స్మరణీయం. 2020లో మూడబిద్రిలో ఆమె జాతీయ రికార్డును మించి పరుగెత్తినా, మాదకద్రవ్య పరీక్ష జరగనందున అది లెక్కకు రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో మళ్ళీ మించింది. గాలి వేగం అనుమతించిన సెకనుకు 2 మీటర్లు దాటి 2.1 మీటర్లు ఉన్నందున అదీ చెల్లలేదు. మరుసటి నెలలోనే సైప్రస్‌లో 13.23 సెకన్లలో పరుగెత్తి, 2002 నాటి అనురాధా బిస్వాల్ రికార్డును తిరగరాసింది. 2023లో, 2025లో ఆసియా విజేతగా నిలిచింది. ఆ 2025లోనే మోకాలి గాయంతో శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. అంతటివారికీ విరామం తప్పనప్పుడు, మనకు తప్పుతుందా?

విద్యార్థి మిత్రులు ఈ నియమాలను గుర్తుంచుకోగలరు. ఒకటి: జ్వరం తగ్గిన వెంటనే పరుగు తగదు. ఉదయం నిద్ర లేవగానే నాడిని లెక్కించండి. అది మీ మామూలు సంఖ్యకు వచ్చేవరకు నడకతో సరిపెట్టండి. ఛాతీలో నొప్పి, గుండెదడ ఉంటే వైద్యుని సంప్రదించనిదే అడుగు వేయవద్దు. రెండు: తొలి వారాలలో రోజు విడిచి రోజు, రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఇరవై నిమిషాలు చాలు. మూడు: పక్కవారితో మాట్లాడగలిగిన వేగమే మీ వేగం. నాలుగు: తప్పిపోయిన రోజులకు బాకీ తీర్చబోకండి. ఐదు: పాత గడియారపు లెక్కలను కొంతకాలం మూసిపెట్టి, కొత్త నోటుపుస్తకం తెరవండి. నిన్నటి మీతో నేటి మిమ్మల్ని పోల్చుకోండి గాని, నిరుటి మీతో కాదు.

"పడ్డవాడు చెడ్డవాడు కాడు" అన్నది కూడా మన సామెతే. రెండోసారి తిరిగి ఆరంభించినప్పుడు నేను నాలుగు నెలలకు గాని నా పాత నలభై నిమిషాలను చేరలేదు. ఆనాడు నన్ను దాటిపోయిన కుర్రవాడు ఇప్పటికీ నన్ను దాటిపోతూనే ఉన్నాడు. "మెల్లగా మాస్టారూ!" అని ఇప్పటికీ అంటాడు. ఇప్పుడా మాట నాకు హితవుగా వినిపిస్తున్నది. పరీక్షలలో గాని, పరుగులో గాని వెనుకబడిన ప్రతి విద్యార్థికీ నేను అందించగలిగిన పాఠమూ అదే: మెల్లగా – కాని మానకుండా.